చిన్న కోల్డ్ స్టోరేజీలను కొని వ్యాపారం పెంచుకోవడం మేలా?

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. పక్క మండలంలో రెండు చిన్న కంపెనీలు అమ్మకానికి వచ్చాయి. కొత్తది కట్టడం కంటే వీటిని కొనడం మేలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: వాటాలు కొంటే పాత అప్పులు, వ్యాజ్యాలు కంపెనీతోపాటే వస్తాయి. వ్యాపారాన్ని మాత్రమే బదిలీ చేయించుకున్నా, ఆనాటి వరకు ఉన్న జీఎస్టీ బకాయిలకు కొన్నవారూ బాధ్యులవుతారు.

జవాబు 2: డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలోని బీటాఫార్మ్ అనే మందుల కంపెనీని 48 కోట్ల యూరోలకు కొన్నది, తరువాత అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలవడంతో ధరలు పడిపోయి, లెక్కల్లో ఆ విలువను బాగా తగ్గించుకోవలసి వచ్చింది. మీ ప్రాంతంలో అద్దెలు పడిపోతే ఏమవుతుందో ముందే లెక్క వేయండి.

జవాబు 3: అన్నిటికంటే ముందు, మే నెల మధ్యాహ్నం టిక్కీలు (మిర్చి బస్తాలు) నిండిన గదిలోకి వెళ్లి, గోడలకు చెమ్మ ఉందేమో, అమ్మోనియా పైపులు తుప్పు పట్టాయేమో స్వయంగా చూడండి.