టేబుల్ గడుల్లో సమీకరణాలు: లేటెక్కా, మ్యాత్‌ఎంఎల్లా, బొమ్మలా?

వర్గమూలం: వర్గ సమీకరణాల మీద ఒక వెబ్ పేజీ రాస్తున్నాను, మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో. మూడు కాలమ్‌ల టేబుల్: విచక్షణి (బీ స్క్వేర్ మైనస్ 4ఏసీ), మూలాల స్వభావం, సూత్రం. గడుల్లో పెట్టిన సమీకరణాలను తర్వాత దిద్దుకోగలగాలి. ఏ దారి మంచిది?

పాతకాపు: ఎస్‌వీజీ బొమ్మ (గీతలను అంకెలుగా దాచుకునే బొమ్మ ఫైలు) చేసి గడిలో పెట్టండి. స్క్రిప్టులతో పని లేదు. ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపిస్తుంది.

బ్యాక్‌స్లాష్: అడిగింది దిద్దుకోవడం గురించండీ. బొమ్మలో ప్లస్‌ను మైనస్ చేయాలంటే మళ్లీ బొమ్మే చేయాలి. లేటెక్ (సమీకరణాలను ఉత్త అక్షరాల్లో రాసే పద్ధతి) రాసి, దాన్ని పేజీలో సమీకరణంగా చూపించే మ్యాత్‌జాక్స్ స్క్రిప్టు తగిలించండి. మూలాల సూత్రం అంతా కలిపి ఒక్క లైను. అదే మ్యాత్‌ఎంఎల్ (సమీకరణాలను ట్యాగులతో రాసే పద్ధతి) అయితే ప్రతి అక్షరానికీ, అంకెకూ, గుర్తుకూ విడివిడిగా ట్యాగ్. టేబుల్ ట్యాగులతో అవి కలిసిపోయాక గడి ఎక్కడ ముగిసిందో వెతుక్కోవాలి. ఒక్క జాగ్రత్త: సమీకరణానికి అటూ ఇటూ పెట్టే ఒంటి డాలర్ గుర్తు మ్యాత్‌జాక్స్‌లో మనం సెట్టింగ్ మార్చేదాకా పనిచేయదు. బ్యాక్‌స్లాష్, గుండ్రటి బ్రాకెట్ వాడండి.

రెండునిమిషాలు: క్రోమ్‌లో 109వ వెర్షన్ నుంచి, అంటే 2023 జనవరి నుంచి, మ్యాత్‌ఎంఎల్ నేరుగా కనిపిస్తోంది. ఫైర్‌ఫాక్స్, సఫారీలలో అంతకు ముందే ఉంది. ఇంకా స్క్రిప్టు ఎందుకు? లేటెక్‌లో రాసి మ్యాత్‌ఎంఎల్‌గా మార్చి, అసలు లేటెక్‌ను లోపలే అనొటేషన్ ట్యాగులో (తెర మీద కనిపించని నోట్ లాంటిది) ఉంచితే సరి.

పాతకాపు: 2013లోనూ క్రోమ్‌లో ఇలాగే పెట్టి, తర్వాతి వెర్షన్‌లోనే పీకేశారు. ఇక ఆ అనొటేషన్. ఎవరో పైది దిద్ది లోపలిది వదిలేస్తారు. అప్పుడు ఏది నిజం? మీ లేటెక్ సంగతీ చెబుతాను. విచక్షణి గడిలో 'లెస్ దేన్' గుర్తు పడగానే టేబుల్ చెదిరిపోతుంది.

బ్యాక్‌స్లాష్: చెదరదు. 'సున్నా కంటే తక్కువ' అని నా పేజీల్లో ఎన్నిచోట్ల రాశానో.

పాతకాపు: నా పేజీలో చెదిరింది. కళ్లారా చూశాను.

బ్యాక్‌స్లాష్: మీరు ఇంకేదో తప్పు రాసి ఉంటారు.

గుండుసూది: ఇద్దరిదీ నిజమే. ఆ గుర్తు తర్వాత అంకె వస్తే బ్రౌజర్ దాన్ని మామూలు గుర్తుగానే చూపిస్తుంది. ఖాళీ లేకుండా ఇంగ్లీషు అక్షరం వస్తే మాత్రం ట్యాగ్ మొదలైందనుకుని తర్వాతిదాన్ని మింగేస్తుంది. ఖాళీ వదలండి, లేదా బ్యాక్‌స్లాష్ ఎల్‌టీ అని రాయండి. మార్క్‌డౌన్ టేబుల్ (గడులను నిలువు గీతలతో విడదీసి రాసేది) అయితే ఇంకో తంటా. పరమమూల్యం నిలువు గీత పడితే గడి రెండుగా చీలుతుంది.

పాతకాపు: ఇన్ని షరతులు! బొమ్మకు ఏ షరతూ లేదు.

రెండునిమిషాలు: చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను ఏమని చదవాలి?

పాతకాపు: ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు బదులు చదివే మాటలు, రాస్తాను.

బ్యాక్‌స్లాష్: రాసినట్టే ఉంది! ఒకాయన మానేసి వెళ్లిపోతే ఆయన పేజీలన్నీ నా నెత్తిన పడ్డాయి. అన్నీ బొమ్మలే. ఆల్ట్ టెక్స్ట్‌లో 'ఫార్ములా' అని ఒక్క ముక్క. అసలు ఫైళ్లు ఎక్కడా లేవు. ఒక గడిలో వర్గమూలం గీత 4ఏసీ దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయింది. ఆ గీత పొడిగించడానికి సమీకరణం మొత్తం కొత్తగా టైప్ చేయాల్సి వచ్చింది. మీలాంటివాళ్ల పుణ్యమే అదంతా.

పాతకాపు: మాటలు జాగ్రత్త. నలుగురూ దిద్దగల పేజీలో నేనూ లేటెక్ పెట్టినవాడినే. ఎవరో మహానుభావుడు 'సరిచేస్తున్నాను' అని బీ ముందున్న మైనస్ ఎగరగొట్టాడు. పేజీ మీద పేరు నాది. చీవాట్లు తిన్నది నేను. అప్పటి నుంచే బొమ్మలు.

బ్యాక్‌స్లాష్: అంటే ఎవరూ దిద్దకూడదనే మీ బొమ్మలు! మరి దిద్దుకునే దారి అడిగినవాళ్లకు ఈ సలహా ఎందుకిచ్చినట్టు?

పాతకాపు: దిద్దాలంటే నన్నడిగి దిద్దాలి. అందులో తప్పేముంది?

బ్యాక్‌స్లాష్: మీరు దొరకని రోజున ఎవర్ని అడగాలి? నేను ఎవర్ని అడిగాను?

గుండుసూది: బొమ్మ తాళమేమీ కాదు పాతకాపు గారూ. దాన్ని తీసి ఇంకోటి పెట్టడానికి ఎంతసేపు? మీకు కావలసింది పాత ప్రతులు దాచే ఏర్పాటు, గిట్ లాంటిది. లేటెక్ ఉత్త అక్షరాలే కాబట్టి పోయిన మైనస్ ఒక్కటే అయినా రెండు ప్రతులు పోల్చగానే దొరికిపోతుంది. ఎస్‌వీజీలో పోల్చి చూడండి, అంకెల గుట్ట కనిపిస్తుంది.

పాతకాపు: పోల్చి చూసే ఓపిక ఎవరికుంది? నా పేజీలో ఎవరూ చూడలేదు కదా.

వర్గమూలం: లేటెక్, మ్యాత్‌జాక్స్ పెట్టేశానండీ. దిద్దేది ప్రస్తుతానికి నేనొక్కదాన్నే. ఒకటే చిక్కు, గడిలో భిన్నం చీమ తలకాయంత వస్తోంది.

బ్యాక్‌స్లాష్: లేటెక్‌లో భిన్నానికి రాసే 'ఫ్రాక్' ముందు ఒక డీ చేర్చండి, 'డీఫ్రాక్' అని. వరస ఎత్తు కొంచెం పెరుగుతుంది, అంతే. చదివేవాళ్లు కూడా సమీకరణం మీద రైట్ క్లిక్ చేసి లేటెక్ కాపీ చేసుకోవచ్చు.

పాతకాపు: స్క్రిప్టు అడ్రసులో వెర్షన్ నంబర్ రాశారా, 'లేటెస్ట్' అని వదిలేశారా?