యుద్ధంలో నర్సుగా చేసిన మా అత్తయ్య: మీ ఇళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారా?

గుంటూరు మేనల్లుడు:
మా మేనత్త మొన్న సంక్రాంతికి ముందు పోయారు. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి మిలిటరీ నర్సింగ్ సర్వీసులో చేరారు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో పంజాబ్‌లోని పఠాన్‌కోట్ మిలిటరీ హాస్పిటల్లో డ్యూటీ. డిసెంబరు 3 సాయంత్రం అక్కడి ఎయిర్‌ఫీల్డ్ మీద బాంబులు పడ్డప్పుడు వార్డులోనే ఉన్నారట. బ్లాకవుట్ కదా, టార్చికి గుడ్డ చుట్టి ఆ వెలుగులోనే కట్లు కట్టేవారట. సరిహద్దు అవతల, పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ వైపు మందుపాతరలు పేలి కాళ్లు పోయినవాళ్లు వచ్చేవారని చెప్పేవారు. ఇంకా అడిగితే మాట మార్చేసేవారు.

సెలవులకు వెళ్తే, రాత్రి మేం పడుకున్నాక వచ్చి దుప్పటి ఎత్తి మా కాలివేళ్లు పట్టుకు చూసేవారు. బొటనవేలి గోరు నొక్కి వదిలేవారు. తెల్లబడ్డ గోరు మళ్లీ ఎర్రబడ్డాకే దుప్పటి కప్పేవారు. కట్టు వేసిన కాలికి రక్తం అందుతోందో లేదో అలాగే చూస్తారని పెద్దయ్యాక తెలిసింది. ఇంట్లోవాళ్లు మాత్రం చాదస్తం అనేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఫౌజీ కూతురు:
మీది చదివి ఏడుపొచ్చిందండీ. మా నాన్న ఎడమ పాదం షకర్‌గఢ్‌లోనే పోయింది. తర్వాత పుణె ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్లో కృత్రిమ కాలు పెట్టారు. పఠాన్‌కోట్‌లో ఓ తెలుగు సిస్టర్ ఉండేదని ఇప్పటికీ చెప్తారు. నొప్పికి అరిస్తే "కుట్లు తెగుతాయి, ఊరుకో నాయనా" అనేదట. నాయనమ్మకి ఇన్‌లాండ్ లెటరు కూడా ఆవిడే రాసింది. "కాలికి దెబ్బ తగిలింది, అన్నం బాగా తింటున్నాడు" అని మాత్రమే. పాదం సంగతి రాయలేదు.

శ్రీను, వైజాగ్:
నర్సులకు ర్యాంకు ఉంటుందా?

తిరుమలగిరి రిటైర్డ్:
ఉంటుంది బాబూ. వాళ్లూ కమిషన్డ్ ఆఫీసర్లే, లెఫ్టినెంటుగా చేరతారు. మేనల్లుడు గారూ, ఆ యుద్ధంలో పంజాబ్‌లో పనిచేసినవాళ్లకు సంగ్రామ్ మెడల్ ఇచ్చారు. ఇంట్లో ఉంటే అంచు చూడండి, నంబరు, పేరు చెక్కి ఉంటాయి. సమాధి రాయి మీద పేరుకి ముందు ర్యాంకు తప్పకుండా రాయించండి. అది ఆమె సంపాదించుకున్నది.

గుంటూరు మేనల్లుడు:
తప్పకుండా రాయిస్తానండీ. ఫౌజీ కూతురు గారూ, ఆ సిస్టర్ ఎలా ఉండేవారో నాన్నగారిని ఒక్కసారి అడుగుతారా? మా అత్తయ్య పొట్టిగా ఉండేవారు, ఎడమచేత్తో రాసేవారు. ఆ లెటరు మీ ఇంట్లో ఉంటే ఒక ఫోటో పెట్టండి. ఆమె చేతిరాత నేను గుర్తుపడతాను.