రోడ్ సైకిల్ ఫ్రేమ్: తేలికదా, సుఖంగా ఉండేదా?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. ఆదివారాలు ములుగు హైవే మీదుగా పాలంపేట రామప్ప గుడి దాకా సైకిల్ మీద వెళ్లొస్తుంటాం. ఇప్పుడు మంచి రోడ్ సైకిల్ కొందామంటే ఫ్రేమ్ దగ్గరే ఆగిపోయాను.

ఒకటి రేసింగ్ తరహా కార్బన్ ఫ్రేమ్, బరువు కిలోకి అటూ ఇటూ. కానీ హ్యాండిల్ బాగా కిందికి ఉంది, 28 మిల్లీమీటర్ల వెడల్పుకు మించిన టైరు పట్టదు. రెండోది ఎండ్యూరెన్స్ తరహా, అంటే దూరం రైడ్లకి సుఖంగా ఉండేలా చేసిన అల్యూమినియం ఫ్రేమ్. ఫ్రేమే దాదాపు అరకిలో ఎక్కువ, కానీ నడుము మరీ వంచక్కర్లేదు, 32 టైరు పడుతుంది.

నా మనసు రెండోదాని మీదే ఉంది. మన దగ్గర ఘాట్ రోడ్లు లేవు కదా, చదును దారిలో బరువు కన్నా ఎదురుగాలే ఎక్కువ ఆపుతుంది. పైగా కంకర తేలిన ఊరి రోడ్డెక్కితే హ్యాండిల్ అదురు మణికట్టు నుంచి భుజం దాకా పాకుతుంది. కాసేపటికి చిటికెన వేలు, పక్క వేలు తిమ్మిరెక్కి బ్రేక్ సరిగ్గా పట్టుకోలేకపోతున్నా. అదే నాకు అసలు టెన్షన్. తోటివాళ్లు మాత్రం "తేలికదే తీసుకో, అలవాటైపోతుంది" అంటున్నారు. తిమ్మిరికి అలవాటు పడటం మంచిది కాదని నా అభిప్రాయం.

అల్యూమినియం ఫ్రేమ్‌కి కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) ఉండి, 32 టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే అదురు నిజంగా తగ్గుతుందా? లేక ఇంకొంత డబ్బు పోగేసి ఎండ్యూరెన్స్‌లోనే కార్బన్‌ది తీసుకోవాలా? నా సైజుది నడిపి చూడాలంటే హైదరాబాద్ దాకా వెళ్లాలి, వెళ్తే ఏమేం చూసుకోవాలి? నలభై దాటి, వంద కిలోమీటర్ల రైడ్లు చేసేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.