3 టీబీ డిస్క్ 375 జీబీ అంటోంది, ఫార్మాట్ చేయమంటోంది

ప్రశ్న:
అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. పాత 3 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి ఉన్న యూఎస్‌బీ డబ్బా పాడైంది. శనివారం ఎస్పీ రోడ్డుకెళ్లి వేరే డబ్బా కొని డిస్క్ అందులో బిగించాను. విండోస్ ఫార్మాట్ చేయమంటోంది. లినక్స్‌లో ఎఫ్‌డిస్క్ (డిస్క్‌లోని భాగాలు, అంటే పార్టిషన్లు చూపించే కమాండ్) ఒక పార్టిషన్ చూపిస్తోంది గానీ సైజు 375 జీబీ. లోపల ఏ ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి) ఉందో చెప్పే బీఎల్‌కేఐడీ కమాండ్ దాని మీద కొడితే, ఫైల్‌సిస్టమ్ పేరేమీ రావట్లేదు. నాన్నగారి షష్టిపూర్తి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఒకటే టెన్షన్.

జవాబు:
టెస్ట్‌డిస్క్ (పోయిన పార్టిషన్లు వెతికే టూల్) వేసి కొత్త పార్టిషన్ టేబుల్, అంటే పార్టిషన్ల పట్టిక, రాసేయండి, అయిపోతుంది.

మరో జవాబు:
ఆగండాగండి, ఇప్పుడే ఏమీ రాయొద్దు. 3000ని 8తో భాగించి చూడండి. సరిగ్గా 375! డిస్క్‌కి ఏమీ కాలేదనే నా అనుమానం.

ఈ టూల్స్‌కి దివ్యదృష్టేమీ లేదు. ఫలానా చోట ఫలానా గుర్తు ఉందా అని చూస్తాయి, అంతే. డిస్క్‌ని చిన్న చిన్న గళ్లుగా, అంటే సెక్టార్లుగా, లెక్కిస్తారు. మొదటి సెక్టార్‌లో 510వ బైట్ దగ్గర 55 ఏఏ ఉంటే, 446 నుంచి నాలుగు వరుసల ఎంబీఆర్ (పాత పద్ధతి పార్టిషన్ టేబుల్) చదువుతాయి. అందులో ఫైల్‌సిస్టమ్ రకం 07 అని రాసి ఉన్నా అది గుమ్మం మీద బోర్డు లాంటిదే. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌కీ ఎక్స్‌ఫ్యాట్‌కీ అదే నంబరు. బీఎల్‌కేఐడీ బోర్డును నమ్మదు, లోపలికెళ్లి చూస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే పార్టిషన్ మొదట్లో మూడు బైట్లు దాటగానే ఆ పేరే అక్షరాలుగా ఉంటుంది. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అయితే 1080వ బైట్ దగ్గర 53 ఈఎఫ్.

అయితే టేబుల్‌లో ఉండేది బైట్ల లెక్క కాదు, సెక్టార్ల లెక్క. 512 బైట్ల సెక్టార్లతో ఎంబీఆర్ 2.2 టీబీ దాటదు. అందుకే అప్పట్లో పెద్ద డిస్కుల డబ్బాలు కొన్ని సెక్టార్‌ని 4096 బైట్లుగా చూపించేవి. మీ కొత్త డబ్బా 512 అంటోంది, అంటే ఎనిమిదో వంతు. అందుకే 375. పార్టిషన్ ఎన్నో సెక్టార్‌లో మొదలైందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
256 అని ఉందండి.

మరో జవాబు:
దొరికింది! 256ని 4096తో గుణిస్తే 1 ఎంబీ. అసలు ఫైల్‌సిస్టమ్ అక్కడుంది. ఇప్పుడు 512తో గుణించి 128 కేబీ దగ్గర వెతుకుతోంది, అక్కడ ఖాళీ.

లినక్స్‌లో మీ డిస్క్ పేరు ఎస్‌డీబీ అనుకుంటే, సూడోతో (అడ్మిన్ హక్కులతో) లోసెటప్ కమాండ్ ఇవ్వండి. అది డిస్క్‌ని మనం చెప్పిన సెక్టార్ సైజుతో లూప్ అనే మారు డిస్క్‌గా చూపిస్తుంది. రీడ్-ఓన్లీకి మైనస్ ఆర్, పార్టిషన్ల కోసం మైనస్ పెద్ద పి (క్యాపిటల్), సెక్టార్ సైజుకి మైనస్ బి 4096. పార్టిషన్ నంబరు కాదు, మొత్తం డిస్క్ పేరే ఇవ్వాలి. తర్వాత వచ్చిన లూప్ పార్టిషన్‌ని కూడా రీడ్-ఓన్లీగానే మౌంట్ చేయండి, అంటే తెరవండి.

ప్రశ్న అడిగినవారు:
వచ్చేశాయండీ! నాన్నగారు పీటల మీద కూర్చున్న ఫోటో ఇప్పుడే తెరిచాను. వేరే డిస్క్‌లోకి కాపీ పెట్టాను. అయ్యాక ఇదే డబ్బాలో వాడుకోవచ్చా?

మరో జవాబు:
వాడుకోవచ్చు. కాపీ అయిన ఫైళ్లు నాలుగైదు తెరిచి చూసుకున్నాకే పాతది చెరపండి. చెరపడానికి వైప్‌ఎఫ్ఎస్ కమాండ్ ఉంది. పేరు చూసి భయపడొద్దు, ఊరికే కొడితే ఎక్కడెక్కడ ఏ గుర్తులున్నాయో చూపిస్తుందంతే. మైనస్ ఏ పెడితేనే చెరుపుతుంది. తర్వాత జీపీటీ (కొత్త పద్ధతి పార్టిషన్ టేబుల్) పెట్టుకోండి, 512 బైట్ల సెక్టార్లతోనే 3 టీబీ మొత్తం వస్తుంది.