ఐక్యరాజ్యసమితికి రాస్తే మన పేర్లు ప్రభుత్వానికి తెలుస్తాయా?

ముంపూరోడు:
మాది ప్రాజెక్టు కింద మునిగిన ఊరు. పరిహారం కోసం అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయి, ఇళ్ల హక్కు చూసే ఐరాస స్పెషల్ రాపోర్టర్‌కి, అంటే ఫిర్యాదులు చూసి ప్రభుత్వాల్ని అడిగే స్వతంత్ర నిపుణుడికి, రాద్దామని మా సంఘం అనుకుంది. ఆన్‌లైన్ ఫారం నింపుతుంటే ఒక చోట చెయ్యి ఆగిపోయింది, బాధితుల పేర్లు ప్రభుత్వానికి చెప్పొచ్చా అని అడుగుతోంది. మొన్ననే ఎవరో టీ కొట్టు దగ్గరకొచ్చి ‘మీవాళ్లు జెనీవాకి ఏదో రాస్తున్నారంటగా’ అని నవ్వుతూ అడిగి వెళ్లాడు, ఐరాస మానవ హక్కుల ఆఫీసు ఉండేది జెనీవాలోనే. పదకొండు మంది పేర్లున్నాయి, అందులో ముగ్గురు ఒంటరి ఆడవాళ్లు. రేపు ఏదైనా అయితే ఐరాస వాళ్లు కాపాడతారా?

పాత కాగితం:
కాపాడతారన్న ఆశతో మాత్రం రాయకండి. చైనాలో త్సావో షున్‌లీ అనే హక్కుల కార్యకర్త 2013 సెప్టెంబరులో జెనీవాలో మానవ హక్కుల శిక్షణకి బయల్దేరితే బీజింగ్ విమానాశ్రయంలోనే పట్టుకున్నారు, నిర్బంధంలో సరైన వైద్యం అందక 2014 మార్చిలో చనిపోయింది. ఐరాస మానవ హక్కుల మండలిలో ఆమె కోసం ఒక్క నిమిషం మౌనం పాటిద్దామంటే చైనా దానికీ అడ్డుపడింది. ఇలాంటి కక్ష సాధింపుల మీద ఐరాస సెక్రటరీ జనరల్ ఏటా నివేదిక ఇస్తారు, 2016 నుంచి ఒక పెద్ద అధికారికి ఆ పని అప్పగించారు కూడా. కానీ వాళ్ల చేతిలో పోలీసులు లేరు కదా, ఉత్తరాలు రాస్తారు, అడుగుతారు, అంతే.

గోదారి గట్టు:
నిజమే గానీ మరీ బెదరగొట్టకండి. సమాచారం పంపినవాళ్ల పేరు వాళ్లు బయటపెట్టరు. బాధితుల సంగతే వేరు, వాళ్లు ఒప్పుకుంటే పేర్లు ప్రభుత్వానికి రాసే ఉత్తరంలో వెళ్తాయి, ఆ ఉత్తరం 60 రోజుల తర్వాత వెబ్‌సైట్లో పెడతారు. అక్కడ పేరు వద్దంటే ముందే చెప్పాలి. అందుకని గంపగుత్తగా సంతకాలు తీసుకోకుండా ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగండి.

చీకటి దీపం:
దాక్కుంటే క్షేమమని కూడా లేదండీ. కశ్మీర్‌కి చెందిన హక్కుల కార్యకర్త ఖుర్రం పర్వేజ్‌ని 2016లో జెనీవా వెళ్లకుండా ఢిల్లీలో ఆపారు, తర్వాత అరెస్టు చేస్తే రెండున్నర నెలలకి హైకోర్టు ఆ నిర్బంధం కొట్టేసింది. 2021లో మళ్లీ ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం) కింద అరెస్టయ్యాడు. పేరు లోకమంతా తెలిసినా ఆగలేదు, కాకపోతే ప్రభుత్వాన్ని అడిగేవాళ్లు ఉన్నారు. ఎవరికీ తెలియని మనిషికి ఏమైనా అయితే ఎవరడుగుతారు?

ముంపూరోడు:
ఫారం ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చదివి వినిపించేసరికి రెండు సాయంత్రాలు పట్టింది. నలుగురు పేరు తీసేయమన్నారు, వాళ్లలో ఇద్దరి కొడుకులు కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ ముగ్గురు ఆడవాళ్లు మాత్రం ఉంచమన్నారు, నేను అనుకున్నదానికి పూర్తిగా ఉల్టా! ఇంకో టెన్షన్, మా ఊరు నలభై గడపలే, పేర్లు దాచినా ఊరి పేరు ఉంటే ఎవరో ఇట్టే పట్టేస్తారు.

గోదారి గట్టు:
ఆ నలుగురి సంగతులకి ఊరి పేరు తగిలించకండి, మండలం పేరు చాలు. వయసు, పోయిన ఎకరాలు కూడా రాయొద్దు, వాటిని బట్టి మనిషిని పట్టుకోవచ్చు.