రెండు లక్షలు పెట్టడానికి ఏడున్నర కోట్ల ఆస్తి ఉండాలా?

మిర్చియార్డు:
మా ఊరి కుర్రాడు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల (బస్తాల) తేమ ఎంతుందో ఫోన్‌లో చూపించే పరికరం తయారుచేశాడు. కొత్త కంపెనీల్లో పెట్టడానికి పలువురి దగ్గర డబ్బు పోగుచేసే ఏంజెల్ ఫండ్ ఒకటి అతని కంపెనీలో డబ్బు పెడుతోంది. ఆ ఫండ్‌లో నేనూ రెండు లక్షలు వేస్తానంటే "అక్రిడిటెడ్ ఇన్వెస్టర్ సర్టిఫికెట్ ఉందా సార్?" అన్నారు. అంటే డబ్బున్నవాణ్ణని చూపించే కాగితమట. దానికి ఏడాదికి 2 కోట్ల ఆదాయం ఉండాలట. లేదంటే 7.5 కోట్ల నికర ఆస్తి, అందులో సగం షేర్లు, డిపాజిట్ల లాంటి వాటిలో ఉండాలట. అంత ఉంటే యార్డులో గుమస్తాగిరీ ఎందుకు చేస్తాను? అదే షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో పందెం కాసినట్టుండే ఆప్షన్స్ ఆడతానంటే ఫోన్‌లోనే ఖాతా తెరిచిపెడతారు. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో మూడేళ్ళలో 93 శాతం మంది నష్టపోయారని, పోయింది 1.8 లక్షల కోట్ల పైనేనని 2024లో షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీయే చెప్పింది. ఆ గేటు బార్లా తెరిచి దీనికి తాళమా?

బ్యాలెన్స్‌షీట్ బాబాయ్:
తాళం ఫండ్ దారికే అండీ. 2025లో సెబీ నియమాలు మార్చి, ఏంజెల్ ఫండ్లలోకి కొత్తగా అక్రిడిటెడ్ వాళ్ళనే రానిస్తోంది. మీరు నేరుగా ఆ కంపెనీలో వాటా కొనకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 200 మంది దాకా ప్రైవేటుగా షేర్లు ఇవ్వచ్చు. మీ పేరు మీద పాస్-4 అనే ఆఫర్ లెటర్ రావాలి, డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచే వెళ్ళాలి, 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి. వాట్సాప్‌లో "రండి బాబూ రండి" అని ఊరందర్నీ పిలవడం మాత్రం కుదరదు.

కాలినచెయ్యి:
నేను ఆ నేరు దారిలోనే వెళ్ళాను. 2019లో మా బావమరిది స్నేహితుడి కంపెనీలో 3 లక్షలు పెట్టాను. అది మూతపడలేదు, నడవడమూ లేదు. షేర్ సర్టిఫికెట్ బీరువాలో మా ఆవిడ పట్టుచీరల కింద ఉంది. కొనేవాడు లేడు, దొరికినా బోర్డు ఒప్పుకోవాలి. ఆప్షన్స్‌లో పోతే సాయంత్రానికి తెలిసిపోతుంది. ఇది పోయిందో ఉందో ఇప్పటికీ తెలీదు. పెళ్ళిళ్ళలో ఆ అబ్బాయి ఎదురైతే నేనే మొహం తిప్పుకుంటున్నాను! నా ఓటు తాళానికే.

డాలస్‌వాసి:
ఇక్కడా 1982 నుంచి ఇలాంటి గీత ఉంది, 2 లక్షల డాలర్ల ఆదాయమో, 10 లక్షల డాలర్ల ఆస్తో ఉండాలని. కానీ 2016 నుంచి మామూలువాళ్ళకూ క్రౌడ్‌ఫండింగ్ (ఆన్‌లైన్‌లో చాలామంది తలా కొంత పెట్టడం) దారి తెరిచారు. ఎవరైనా రావచ్చు, ఆదాయాన్ని బట్టి ఏడాదికి ఇంతకు మించి పెట్టకూడదని పరిమితి. నేను 500 డాలర్లు పెట్టాను. పోయినా ఇంట్లో గొడవ ఉండదు.

బ్యాలెన్స్‌షీట్ బాబాయ్:
సెబీ కూడా 2014లో అలాంటి ఆలోచనతో ఒక చర్చాపత్రం తెచ్చింది, అక్కడే ఆగింది. అయినా నాకూ ఆ పద్ధతే నచ్చుతుంది. పొలం, ఇల్లు కలిపి కోట్లున్నవాడికి బ్యాలెన్స్‌షీట్ చదవడం వచ్చేస్తుందా? నా క్లయింట్లలో సగం మందికి రాదు.

కాలినచెయ్యి:
పరిమితి అయితే ఒప్పుకుంటా. నా 3 లక్షలు 30 వేలై ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

మిర్చియార్డు:
బాబాయ్ గారూ, పాస్-4 అడిగాను. "నామీద నమ్మకం లేదా అన్నా?" అన్నాడు.

బ్యాలెన్స్‌షీట్ బాబాయ్:
అడగడంలో తప్పు లేదు. ఇంతకీ ఆ పరికరం ఎక్కడైనా బిగించాడా?

మిర్చియార్డు:
రెండు కోల్డ్ స్టోరేజీల్లో. ఒకటి వాళ్ళ మామయ్యది.