2 టీబీ వాల్యూమ్‌కి 200 జీబీ స్నాప్‌షాట్ ఎందుకు చాలలేదు?

ప్రశ్న: నమస్కారమండీ. లినక్స్ సర్వర్‌లో 2 టీబీ డేటాబేస్ వాల్యూమ్ ఎల్‌వీఎం (డిస్కు జాగాని వాల్యూములుగా పంచే లినక్స్ సాఫ్ట్‌వేర్) మీద ఉంది. అప్‌గ్రేడ్‌కి ముందు 200 జీబీ ఇచ్చి మామూలు స్నాప్‌షాట్ (వాల్యూమ్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే చూపించేది) తీశాను, క్షణంలో అయిపోయింది. సాయంత్రానికి 6 శాతమే నిండింది. తెల్లారేసరికి చెల్లకుండా పోయింది, మౌంట్ కూడా కావట్లేదు. రాత్రి ఎవరూ ముట్టుకోలేదు. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: తీసే సమయంలో డేటా ఏదీ కాపీ కాదండీ, ఏ పాత బ్లాక్‌ని ఎక్కడ దాచారో రాసుకునే పట్టిక మాత్రమే మొదలవుతుంది. ఒక బ్లాక్‌లో (డిస్కులోని చిన్న ముక్కలో) ఖాతా నిల్వ 8,000 అని ఉందనుకోండి. దాన్ని 6,500గా మార్చబోతే ముందు ఆ పాత బ్లాక్ మీ 200 జీబీలోకి వెళ్తుంది, పట్టికలో నమోదవుతుంది, ఆ తర్వాతే కొత్తది రాస్తారు. మళ్ళీ 5,000 చేస్తే కాపీ ఉండదు, పాతది అప్పటికే భద్రంగా ఉంది కాబట్టి. మారని బ్లాకులను స్నాప్‌షాట్ నేరుగా అసలు వాల్యూమ్ నుంచే చదువుతుంది.

అంటే ఖర్చు వాల్యూమ్ సైజుని బట్టి కాదు, ఎన్ని వేర్వేరు బ్లాకులు మారాయన్నదాన్ని బట్టి. రాత్రిపూట ఇండెక్స్ రీబిల్డ్ (డేటాబేస్‌లో వెతకడానికి వాడే సూచికలని మళ్ళీ కట్టడం) లాంటి జాబ్ ఏదైనా షెడ్యూల్ అయి ఉందేమో చూడండి. మీరిచ్చిన 200 జీబీ నిండితే ఎల్‌వీఎం అసలు వాల్యూమ్‌ని కాపాడి స్నాప్‌షాట్‌ని వదిలేస్తుంది. అది సరైన నిర్ణయమే.

ప్రశ్న: నిజమేనండీ, రెండు గంటలకి రీబిల్డ్ జాబ్ ఉంది! కానీ ఉన్న ఇండెక్సులన్నీ కలిపినా 150 జీబీయే.

ఇంకొకరు: రీబిల్డ్ కొత్త ఇండెక్స్‌ని ఖాళీ జాగాలో రాస్తుంది కదా. ఆ బ్లాకులు ఖాళీవని ఫైల్‌సిస్టమ్‌కి తెలుసు, కింద ఉన్న ఎల్‌వీఎంకి తెలీదు. అందులోని పాత చెత్తని కూడా శ్రద్ధగా కాపీ చేస్తుంది. పైగా లాగ్ ఫైళ్ళు, సార్టింగ్‌కి వాడే తాత్కాలిక ఫైళ్ళు ఉండనే ఉన్నాయి.

ప్రశ్న: నెట్‌యాప్ కంపెనీ స్టోరేజ్ బాక్సుల్లో ఈ బాధ ఉండదంటారు?

జవాబు: అక్కడ పద్ధతే వేరు. పాత బ్లాక్‌ని కదపకుండా కొత్త డేటాని వేరే చోట రాస్తారు, కాబట్టి కాపీ భారం ఉండదు. జాగా మాత్రం అక్కడా ఖర్చవుతుంది, పాత బ్లాకులు స్నాప్‌షాట్ తీసేసేదాకా విడుదల కావు.

మీరైతే ఎల్‌వీఎం సెట్టింగుల్లో ఆటో ఎక్స్‌టెండ్ పరిమితిని (స్నాప్‌షాట్ ఎంత శాతం నిండితే దాని జాగా దానంతటదే పెరగాలో చెప్పేది) 70కి దించండి. మొదట్లో అది 100 ఉంటుంది, అంటే పనిచేయనట్టే. వాల్యూమ్ గ్రూపులో (వాల్యూములకి జాగా ఇచ్చే డిస్కుల సముదాయంలో) ఖాళీ ఉండాలి, స్నాప్‌షాట్ మీద మానిటరింగ్ కూడా ఉండాలి. అప్‌గ్రేడ్ అయ్యేదాకా ఆ జాబ్ ఆపండి. విడిగా వేరే డిస్కుల మీదికి పూర్తి బ్యాకప్ తీయకుండా మాత్రం అప్‌గ్రేడ్ మొదలుపెట్టకండి, దయచేసి. అసలు డిస్కు పోతే స్నాప్‌షాట్‌లో మిగిలేది మారిన బ్లాకుల పాత కాపీలే.